ఎం.ఎస్. ఉన్నవాళ్ళు ఎండాకాలాన్ని ఎలా దాటాలి

ఎం.ఎస్. అంటే మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బు. ప్రపంచ ఎం.ఎస్. దినం ఏటా మే 30న వస్తుంది. ఆ తేదీ పెట్టినవాళ్ళకి మన రోహిణి కార్తె సంగతి తెలిసి ఉండదు. రోళ్ళు పగులుతాయని పెద్దలు చెప్పే ఆ ఎండల్లోనే ఎం.ఎస్. మీద అవగాహన నడకలు పెడతారు. ఆ జబ్బున్న మనమేమో వీధి చివరిదాకా నడవలేక ఇంట్లో కూర్చుంటాం. ఏప్రిల్ నుంచి జూన్‌లో వానలు పడేదాకా రోజును ఎలా అమర్చుకుంటే కాళ్ళూ కళ్ళూ బుర్రా కాస్త మన మాట వింటాయో ఇక్కడ వరసగా చెబుతాను. జబ్బు నిర్ధారణ అయి, మందు వాడుతూ, ఇంటి పనో ఆఫీసు పనో చేసుకుంటున్నవాళ్ళ కోసం ఇది. ఏ మందు వాడాలన్నది మీ న్యూరాలజిస్టు తేల్చాలి, నేను దాని జోలికి వెళ్ళను.

ముందు ఒక భయం వదిలించుకోండి

ఎండలో బజారుకి వెళ్ళొచ్చాక కాలు ఈడ్చుకుపోతుంది. ఒక కంటి ముందు పొగ కమ్మినట్టవుతుంది. చేతిలో గ్లాసు జారిపోతుంది. ఎం.ఎస్. ఉన్న చాలామందికి ఇది అనుభవమే. వెంటనే "మళ్ళీ అటాక్ వచ్చింది" అని ఇంటిల్లిపాదికీ టెన్షన్. అటాక్ అంటే జబ్బు తిరగబెట్టి కొత్తగా నరం దెబ్బతినడం. చాలాసార్లు ఇది అటాక్ కాదు.

మెదడులో, వెన్నుపాములో, కంటి నరంలో నరాల పోగుల మీద మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది, కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగులా. ఎం.ఎస్.లో మన రోగనిరోధక వ్యవస్థే ఆ పొరను అక్కడక్కడా దెబ్బతీస్తుంది. పొర పోయిన చోట సంకేతం ఎలాగో తంటాలు పడి వెళుతుంది. ఒంటి వేడి పెరిగితే ఆ మాత్రం కూడా వెళ్ళలేక మధ్యలో ఆగిపోతుంది. అందుకు జ్వరమంత వేడి అక్కర్లేదు, అర డిగ్రీ సెల్సియస్ పెరిగినా చాలు. ఒళ్ళు చల్లబడ్డాక సంకేతం మళ్ళీ కదులుతుంది. జర్మనీకి చెందిన కంటి డాక్టరు విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ 1890లో దీన్ని గమనించి రాశాడు. ఆయన పేరుతోనే డాక్టర్లు దీన్ని పిలుస్తారు. ఎమ్మారై స్కాన్లు రాకముందు, అనుమానం ఉన్న మనిషిని వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి లక్షణాలు బయటపడతాయేమో చూసేవారు. ఆ పరీక్ష ఇప్పుడు ఎవరూ చెయ్యరు. మనకి మాత్రం మే నెలలో రోజూ ఉచితంగా జరుగుతూనే ఉంటుంది.

అంటే వేడికి కాలు మొరాయించినంత మాత్రాన కొత్తగా నరం దెబ్బతిన్నట్టు కాదు. ఇది తెలియక కొందరు వేసవి రాగానే, అటాక్‌కి పెట్టే స్టెరాయిడ్ డ్రిప్ పెట్టమని ఆస్పత్రికి పరిగెడతారు. ఇంకొందరు ఎండలు పోయేదాకా మంచం దిగరు. కదలిక లేక కండరాలు బలం కోల్పోతాయి, వానలు పడ్డాక కూడా ఆ కాళ్ళు త్వరగా పుంజుకోవు. నన్నడిగితే ఈ రెండోదే ఎక్కువ నష్టం.

మీ ఒంటికి ఏ వేళ పడదో కనిపెట్టండి

ఎండలు ముదరకముందే, మార్చి ఆఖర్లో, రెండు వారాల పాటు ఒక చిన్న పుస్తకంలో రాయండి. ఎన్నింటికి ఏ పని చేశారు, గదిలో వేడా ఉక్కా, కాలు ఎలా ఉంది, చూపు ఎలా ఉంది, కూర్చున్నాక ఎంతసేపటికి తేరుకున్నారు. అంతే. పెద్ద పెద్ద వాక్యాలు వద్దు, రాయడమే ఒక పని అయిపోతే మూడో రోజు మానేస్తారు. కొందరికి మధ్యాహ్నం భోజనం తర్వాత పడదు, కొందరికి స్నానం చేసిన వెంటనే, కొందరికి పొయ్యి దగ్గర నిలబడితే. మీది ఏదో తేలితే సగం పని అయినట్టే.

బయటి ఎండతో పని లేకుండానే మనిషి ఒంటి వేడి తెల్లవారుజామున బాగా తక్కువగా ఉండి, సాయంత్రానికి అర డిగ్రీ దాకా పెరుగుతుంది. "పొద్దున బాగానే తిరిగావుగా అమ్మాయ్, ఇంతలో ఏమైంది?" అని అడిగే అత్తయ్యకి ఇదే జవాబు. ఒకసారి కూర్చోబెట్టి నిదానంగా చెప్పండి. పైకి ఏమీ కనిపించని జబ్బు కాబట్టి చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

దీనికి ఎం.ఎస్. నీరసం తోడవుతుంది. పని చేస్తే వచ్చే అలసట వేరు, ఇది వేరు. రాత్రంతా నిద్రపోయి లేచినా ఒళ్ళు బరువుగానే ఉంటుంది. కాబట్టి రోజుకి ఒక్క పెద్ద పనే పెట్టుకోండి. బ్యాంకుకి వెళ్ళే రోజు బట్టలు ఉతకడం పెట్టుకోవద్దు. పని మధ్యలో ఒళ్ళు తూలిపోయాక కూర్చుంటే తేరుకోవడానికి గంటలు పడుతుంది. ఇంకా కాస్త ఓపిక ఉండగానే కూర్చుంటే పది నిమిషాల్లో లేవగలరు.

ముఖ్యమైన పనులన్నీ ఎనిమిదిలోపు

ఐదున్నరకి లేవగలిగితే నడక, వ్యాయామం, వంట, స్నానం ఎండ ముదరకముందే అయిపోతాయి. నడకకి బయల్దేరే ముందు ఒక గ్లాసు చల్లటి నీళ్ళు తాగి, తడి తువ్వాలు మెడచుట్టూ వేసుకోండి. ముందే కాస్త చల్లబడి బయల్దేరిన ఒళ్ళు ఎక్కువసేపు నిలబడుతుంది. పది నిమిషాలు నడిచి, కూర్చుని, మళ్ళీ నడవండి. ఒకప్పుడు ఎం.ఎస్. ఉన్నవాళ్ళని వ్యాయామం చెయ్యొద్దనేవారు. ఇప్పుడు తప్పకుండా చెయ్యమంటున్నారు. ఫిజియోథెరపిస్టు చూపించిన సాగదీత వ్యాయామాలు ఫ్యాన్ కింద చాప మీద చేసుకోవచ్చు. కింద కూర్చుని లేవడం కష్టమైతే మంచం మీదే చెయ్యండి, పరువేమీ పోదు.

స్నానానికి వేడినీళ్ళు మానండి. ఆదివారం తలంటు అయినా చల్లార్చిన నీళ్ళే. బాత్రూమ్‌లో ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుని పోసుకోండి, గోడకి పట్టుకునే కమ్మీ ఒకటి బిగించండి. చెయ్యి మొద్దుబారి ఉంటే నీళ్ళ వేడి ఆ చేతికి తెలియదు. రెండో చేత్తోనో మోచేత్తోనో చూసుకోండి.

వంటింట్లో వేడి తగ్గించుకోండి

ఎండ కన్నా వంటిల్లే ఎక్కువమందిని దెబ్బకొడుతుంది. పొయ్యి ముందు నిలబడే సమయాన్ని తగ్గించడమే ఇక్కడ కిటుకు. దోశెలు ఒక్కొక్కటీ పోస్తూ అరగంట పెనం ముందు నిలబడాలి. ఇడ్లీ అయితే కుక్కర్లో పెట్టి హాల్లోకి వచ్చి కూర్చోవచ్చు. వేసవిలో ఇంట్లో దోశెలు కావాలన్నవాళ్ళే పోసుకోవాలని నియమం పెట్టండి. పొద్దున పెరుగన్నం, చద్దన్నం తింటే అసలు పొయ్యి వెలిగించే పనే లేదు. పప్పు, అన్నం ఒకేసారి కుక్కర్లో గిన్నెలు పేర్చి పెట్టేయండి. కూరగాయలు రాత్రే, ఫ్యాన్ కింద టేబుల్ దగ్గర కూర్చుని తరిగి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. కత్తిపీట ముందు కింద కూర్చుని లేవడం నడుముకీ కాళ్ళకీ భారం, పైగా వేళ్ళు మొద్దుబారినప్పుడు ప్రమాదం. చాకు, చెక్కబల్ల వాడండి. గిన్నెలు దించడానికి గుడ్డ కాకుండా మందపాటి గ్లవ్స్ వేసుకోండి, వేడి తెలియని వేళ్ళకి కాలినా వెంటనే తెలియదు.

ఆవకాయ కూడా ఈ ఎండల్లోనే పెట్టాలి. మానెయ్యమని చెప్పను, ఆ మాట ఎవరు వింటారు గనక! ముక్కలు బజార్లోనే కొట్టించి తెప్పించండి, కారం, ఆవపిండి కొలిచే పని కూర్చునే చెయ్యండి, బరువైన బేసిన్ కలపడం ఇంట్లో మగవాళ్ళకి అప్పగించండి. జాడీ మోయడం కూడా వాళ్ళ పనే.

ఒళ్ళు చల్లబరుచుకునే మార్గాలు

తెలంగాణ, రాయలసీమల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది. విశాఖపట్నం, కాకినాడ వైపు ఉక్కపోతలో కూలర్ పెడితే గదిలో ఇంకాస్త తేమ పెరిగి చెమట ఆరదు. అక్కడ ఏసీనే దిక్కు. ఇల్లంతా అక్కర్లేదు, ఒక్క గదికి చాలు, 26 దగ్గర పెట్టుకున్నా సరిపోతుంది. ఏసీ పెట్టించుకోలేనివాళ్ళు కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టడం, మేడ మీద తెల్ల సున్నం వేయించడం, పగలు పడమటి గది వదిలెయ్యడం వంటివి చెయ్యొచ్చు. గాలి ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు ఉత్త ఫ్యాన్ వడగాలినే విసురుతుంది. తడిగుడ్డ కప్పుకుని ఫ్యాన్ కింద కూర్చుంటే తేడా తెలుస్తుంది.

కాలు మొరాయించడం మొదలవగానే బకెట్లో చల్లటి నీళ్ళు పోసి పాదాలు, మోచేతుల దాకా చేతులు పది, పదిహేను నిమిషాలు ముంచండి. ఐస్ ముక్క నేరుగా ఒంటికి ఆనించొద్దు. స్పర్శ తక్కువున్న చోట చర్మం దెబ్బతిన్నా తెలియదు. జెల్ ప్యాకులు పెట్టుకునే కూలింగ్ జాకెట్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి. కొనాలంటే ఖరీదే. బనియన్ మీద వేసుకునే పాత చొక్కాకి దర్జీతో లోపల నాలుగు జేబులు కుట్టించి, గుడ్డలో చుట్టిన జెల్ ప్యాకులు పెట్టుకున్నా పని జరుగుతుంది.

నీళ్ళు తగ్గించొద్దు

ఇంత చెప్పినా చాలామంది వినని విషయం ఇదే. ఎం.ఎస్.లో మూత్రం ఆపుకోలేకపోవడం మామూలు. బయటికి వెళ్ళాలంటే ముందు నుంచే నీళ్ళు మానేస్తారు, ముఖ్యంగా ఆడవాళ్ళు. మన బస్టాండ్లలో బాత్రూములు ఎలా ఉంటాయో తెలిసిందే కాబట్టి వాళ్ళని తప్పుపట్టలేం. కానీ నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది, దాంతో జ్వరం, జ్వరంతో ఒళ్ళు వేడెక్కి కాళ్ళు పూర్తిగా పడిపోతాయి. అటాక్ అనుకుని ఆస్పత్రికి వెళ్ళినవాళ్ళలో ఎంతోమందికి చివరికి తేలేది మూత్రంలో ఇన్ఫెక్షనే.

కాబట్టి నీళ్ళు తగ్గించకుండా, తాగే వేళలు మార్చండి. పొద్దున్నుంచి సాయంత్రం ఆరు, ఏడు దాకా గంటకో గ్లాసు లెక్కన తాగుతూ, పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు తగ్గించండి. వచ్చినా రాకపోయినా రెండు, మూడు గంటలకోసారి బాత్రూమ్‌కి వెళ్ళండి. వెళ్ళాక ఒక నిమిషం ఆగి మళ్ళీ ప్రయత్నిస్తే మిగిలింది కూడా పోతుంది. కాఫీ, టీ మూత్రసంచిని తొందరపెడతాయి, ప్రయాణం రోజు ఒక కప్పుతో సరిపెట్టుకోండి. మజ్జిగ మంచిది, బీపీ ఉంటే ఉప్పు వెయ్యకండి.

మూత్రం ఆపుకోవడానికి ఆక్సిబ్యుటినిన్, టాల్టెరోడిన్, సోలిఫెనాసిన్ వంటి మాత్రలు వాడుతుంటే ఒక జాగ్రత్త. ఈ రకం మందులు చెమటను తగ్గించగలవు. చెమట పట్టకపోతే ఒళ్ళు చల్లబడదు. వేసవికి ముందు డాక్టరుతో ఈ మాట ఎత్తండి.

పెళ్ళిళ్ళు, ప్రయాణాలు

వేసవి సెలవులు, ముహూర్తాలు రెండూ కలిసొస్తాయి. పిలిచిన ప్రతి పెళ్ళికీ ముందు రోజు నుంచే వెళ్ళి కూర్చోనక్కర్లేదు. తలంబ్రాల వేళకి వెళ్ళి, అక్షతలు వేసి, భోజనం చేసి వచ్చెయ్యండి. పట్టుచీర కట్టకపోతే ఏమనుకుంటారో అన్న దిగులు ఉంటే పలుచటి చీరాల, మంగళగిరి నూలు చీరలు ఉండనే ఉన్నాయి. మండపంలో గాడిపొయ్యిల వైపు కాకుండా తలుపు దగ్గర కుర్చీ చూసుకోండి.

బస్సు కన్నా రైలు నయం, అందులో బాత్రూమ్ ఉంటుంది. రాత్రి రైలు ఇంకా నయం. పల్లెటూరి చుట్టాల ఇంటికి వెళ్ళేముందు కమోడ్ ఉందో లేదో మొహమాటం లేకుండా ఫోన్లో అడగండి. లేకపోతే మడతపెట్టే కమోడ్ కుర్చీ కారులో వేసుకెళ్ళొచ్చు. కర్ర పట్టుకోవడానికి సిగ్గుపడేవాళ్ళకి ఒక మాట: చేతిలో కర్ర చూస్తే జనం దారిస్తారు, సీటిస్తారు. లేకపోతే తూలే మనిషిని చూసి తాగాడనుకుంటారు.

మందుల సంగతి

ఎం.ఎస్.కి వాడే ఇంటర్‌ఫెరాన్, గ్లాటిరమర్ వంటి ఇంజెక్షన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్‌లో మధ్య అరలో పెట్టండి. తలుపులో పెడితే వేడి తగులుతుంది, ఫ్రీజర్ పక్కన పెడితే గడ్డకడుతుంది, గడ్డకట్టిన మందు పనికిరాదు. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకండి. ప్రయాణంలో ఐస్ ప్యాక్ మందుకి నేరుగా తగలకుండా గుడ్డలో చుట్టి థర్మోకోల్ డబ్బాలో పెట్టుకోండి. మాత్రలైనా కారులోనో బండి డిక్కీలోనో వదలొద్దు.

ఎం.ఎస్.కే వాడే డైమిథైల్ ఫ్యూమరేట్ వేసుకునేవాళ్ళకి మాత్ర వేసుకున్న కాసేపటికి ముఖం, మెడ ఎర్రబడి వేడెక్కుతుంది. అది జ్వరమూ కాదు, వడదెబ్బా కాదు. తిన్నాక వేసుకుంటే తగ్గుతుంది. కాళ్ళ బిగువు తగ్గడానికి బాక్లోఫెన్ వాడుతుంటే ఊరెళ్ళేటప్పుడు సరిపడా తీసుకెళ్ళండి. దాన్ని ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ రావచ్చు. ఎం.ఎస్.కి వాడే మందుని "వేసవిలో వేడి చేస్తుంది" అని ఎవరో చెప్పారని మానెయ్యకండి. పూర్తిగా నయం చేస్తామనే పొట్లాల వైద్యం జోలికీ వెళ్ళకండి, వాటిల్లో స్టెరాయిడ్ కలిపి ఉంటే మొదట బాగున్నట్టే అనిపించి తర్వాత ఒళ్ళు గుల్లవుతుంది.

ఆఫీసులో అడగాల్సినవి ఏప్రిల్‌కి ముందే అడగండి

ఉదయం ముందుగా వచ్చి ముందుగా వెళ్ళడం, ఏసీకి దగ్గరగా సీటు, ఎండలో ఫీల్డు పని తప్పించడం, వీలైతే ఇంటి నుంచి పని. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లిరోసిస్ పేరు విడిగా ఉంది. ప్రభుత్వ సంస్థ అయితే తగిన సర్దుబాట్లు చెయ్యాలని, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసెయ్యకూడదని, హోదా తగ్గించకూడదని అందులోనే ఉంది. చాలా ప్రయోజనాలకి 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డుకి ఆన్‌లైన్లో దరఖాస్తు చెయ్యొచ్చు. పరీక్షకి వెళ్ళేటప్పుడు ఎమ్మారై రిపోర్టులతోపాటు, రోజురోజుకీ లక్షణాలు మారుతుంటాయని న్యూరాలజిస్టు రాసిన ఉత్తరం తీసుకెళ్ళండి. ఉదయం పూట చల్లగా ఉన్నప్పుడు మీరు చకచకా నడిచి చూపిస్తే అదే లెక్కలోకి వస్తుంది. సాటివాళ్ళతో మాట్లాడాలనిపిస్తే 1985 నుంచి పనిచేస్తున్న మల్టిపుల్ స్క్లిరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకి హైదరాబాదులో కూడా శాఖ ఉంది.

ఎండ ప్రభావమా, అటాకా? ఇలా తేల్చుకోండి

లక్షణం కనిపించగానే చేస్తున్న పని ఆపి నీడకి రండి. జ్వరం చూసుకోండి, ఇంట్లో డిజిటల్ థర్మామీటర్ తప్పనిసరి. చల్లటి నీళ్ళు తాగి, తడిగుడ్డ కప్పుకుని ఫ్యాన్ కింద ఒక గంట పడుకోండి. తగ్గుముఖం పట్టిందంటే అది వేడి వల్లే. జ్వరం ఉంటే పారాసెటమాల్ వేసుకుని, జ్వరానికి కారణమేంటో ఆ రోజే చూపించుకోండి. మూత్రం వాసన వేస్తున్నా, మబ్బుగా ఉన్నా మంట లేదు కదా అని ఊరుకోవద్దు, స్పర్శ తగ్గినవాళ్ళకి మంట తెలియకపోవచ్చు. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే, ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్ పరీక్షకి మూత్రం ఇవ్వండి.

ఒళ్ళు చల్లబడినా, జ్వరం, ఇన్ఫెక్షన్ ఏమీ లేకపోయినా, కొత్త లక్షణమో పాతదే బాగా ముదిరినట్టో 24 గంటలు దాటి అలాగే ఉంటే దాన్ని అటాక్‌గా అనుమానించి న్యూరాలజిస్టుకి ఫోన్ చెయ్యండి. అవసరమైతే మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ డ్రిప్ మామూలుగా రోజుకి ఒక గ్రాము చొప్పున మూడు నుంచి ఐదు రోజులు పెడతారు. ప్రతి అటాక్‌కీ అది అక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్ళు ఆ మాట ముందే చెప్పాలి.

కొన్నింటికి 24 గంటలు ఆగకూడదు. కన్ను తిప్పితే నొప్పి, దాంతోపాటు చూపు మసకబారడం, మూత్రం అసలు రాకపోవడం, రెండు కాళ్ళూ ఒక్కసారిగా పడిపోవడం, మింగలేకపోవడం. ఉన్నట్టుండి ముఖం ఒక పక్కకి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఒక వైపు చెయ్యి, కాలు పడిపోయినా ఎం.ఎస్. వల్లే అనుకోకండి, అది పక్షవాతం కావచ్చు. ఎండలో తిరిగి వచ్చాక ఒళ్ళు 40 డిగ్రీలకి చేరి, మాట తడబడి, మనిషి అయోమయంగా ఉంటే అది వడదెబ్బ. అప్పుడు ఒంటి మీద నీళ్ళు పోస్తూ 108కి ఫోన్ చెయ్యాలి, స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్ళు పొయ్యకూడదు.

అప్పటికప్పుడు ఆస్పత్రిలో చెప్పడానికి మన నోరు పనిచెయ్యకపోవచ్చు. జబ్బు పేరు, వాడుతున్న మందు, ఆఖరి డోసు తేదీ, పడని మందులు, న్యూరాలజిస్టు నంబరు ఒక కాగితం మీద రాసి ఫోన్ కవరులో పెట్టుకోండి. ఫోన్ లాక్ అయి ఉన్నా ఎవరైనా తీసి చదవగలగాలి. మందు మారినప్పుడల్లా ఆ కాగితమూ మార్చండి.